ఇంజను ఎట్లా ఆగింది?



కురుడుమలె వినాయకుడి దగ్గరికి కొత్త బండ్లు రావడం మీలో చాలామంది చూసే ఉంటారు. 13 అడుగులు దాటిన ఏకశిలా మూర్తి. ముళబాగిలు చుట్టుపక్కల జనం కొత్త పని ఏది మొదలుపెట్టినా ముందు అక్కడికే పోతారు. ట్రాక్టరు బానెట్టుకు పసుపు కుంకుమ, స్టీరింగుకు పూలదండ, చక్రాల కింద నిమ్మకాయలు. టెంకాయ కొట్టి బండి కదిలిస్తే నిమ్మకాయలు పటపటమంటాయి. నాదీ ఆ పక్కే, డీజిల్ ఇంజన్లు విప్పి బిగించడం నా వృత్తి. అందుకే నా చూపు హారతి మీద నిలవదు. ఇంజను పక్కన జంటగా వేలాడే రెండు చిన్న డబ్బాల మీదికి పోతుంది. అవి డీజిల్ ఫిల్టర్లు. వాటికి బొట్టు పెట్టినవాళ్ళను నేనింతవరకు చూడలేదు. కానీ రెండేళ్ళు గడిచాక, టమోటా బాక్సుల లోడుతో వడ్డహళ్ళి మండీకి పోతూ పోతూ ఏ మిట్ట ఎక్కేచోటో బండి మొరాయించిందంటే, ముందుగా అనుమానించాల్సింది వాటినే.

ఇది రేడియో. బొమ్మ గీసి చూపించలేను, స్పానరు చేతికివ్వలేను. అయినా ఈ విషయానికి రేడియోనే తగిందని నా నమ్మకం. ఎందుకంటే డీజిల్ రోగం ముందు చెవికి తెలుస్తుంది, తరవాతే కంటికి. షెడ్డుకు వచ్చిన రైతును నేను మొట్టమొదట అడిగేది "ఏం పాడైంది?" అని కాదు, "ఎట్లా ఆగింది?" అని. దానికి సరైన జవాబు వస్తే సగం పని అక్కడే అయిపోతుంది. "ఏమో అన్నా, ఆగిపోయింది" అంటే మాత్రం ఆ పూటంతా పోయినట్టే.

డీజిల్ ఇంజను ఆగడంలో మూడు తీర్లు ఉన్నాయి. స్విచ్ నొక్కినట్టు టక్కున ఆగితే ఫిల్టరు జోలికి వెంటనే పోవద్దు. ఇంజను ఆపే తీగ ఇరుక్కుందా, కొత్త బండ్లలో ఆపే సోలినాయిడ్‌కు కరెంటు పోయిందా, పంపు లోపల ఏమైనా విరిగిందా చూడాలి. రెండో తీరు, బరువు పడినప్పుడల్లా నీరసించి, లోడు తీస్తే మళ్ళీ బాగా తిరగడం. రొటవేటరు దించగానే గొంతు దిగిపోతుంది, ఎత్తగానే కోలుకుంటుంది. ఇది ఫిల్టరు మూసుకుపోయిన గుర్తు. ఖాళీగా తిరిగే ఇంజనుకు చారెడు డీజిల్ చాలు. దుక్కి దున్నేటప్పుడు దానికి ఎన్నో రెట్లు కావాలి. ఆ సన్నని దారిలో చారెడు వస్తుంది, ఎక్కువ రాదు. మూడో తీరు, ఎగశ్వాస తీసినట్టు ఒకసారి పైకి ఒకసారి కిందికి ఊగి, తెల్ల పొగ నాలుగు గుక్కలు వదిలి ఆగిపోవడం. అక్కడ డీజిల్‌తో పాటు గాలి చొరబడిందని అనుకోవచ్చు, లేదా నీళ్ళు.

పొగ రంగు కూడా అడుగుతాను. దట్టమైన నల్ల పొగ వస్తోందంటే ఇంజనుకు డీజిల్ అందుతోంది, గాలే చాలడం లేదు. అది ఎయిర్ ఫిల్టరు సంగతి, లేదా డీజిల్ చిమ్మే నాజిళ్ళ సంగతి. డీజిల్ అందక చచ్చే ఇంజను నల్లగా పొగ కక్కదు. ఈ ఒక్క తేడా తెలియక, ఎయిర్ ఫిల్టరు నిండా దుమ్ము పెట్టుకుని డీజిల్ ఫిల్టరు మార్పించుకుని పోయేవాళ్ళు ప్రతి ఎండాకాలం కనిపిస్తారు. అమ్మేవాడికి ఏం, ఇస్తాడు.

ఈ ఇంజన్లు మన కోలారు జిల్లాకు ఎంత అవసరమో వేరే చెప్పాల్సిన పని లేదు. ఏడాది పొడుగునా పారే నది మనకు లేదు. పాలారు నంది కొండల్లో పుట్టి మన నేల మీదుగానే పోతుంది గానీ, ఎక్కువ రోజులు కనిపించేది ఇసకే. 1902లోనే శివనసముద్రం నుంచి సుమారు 147 కిలోమీటర్ల దూరం తీగలు లాగి కోలారు బంగారు గనులకు కరెంటు తెచ్చారు. భూమి లోపల దీపాలు వెలిగాయి. భూమి పైన, నాలుగు మైళ్ళ అవతల ఊళ్ళో బావి గట్టుకు ఆ తీగ రావడానికి మాత్రం దశాబ్దాలు పట్టింది. ఆ సందులో కపిల తోలే ఎద్దుల స్థానంలోకి వచ్చింది డగడగమనే ఆయిల్ ఇంజను. తరవాత ట్రాక్టర్లు, లారీలు, జనరేటర్లు. వెయ్యి అడుగులు దాటినా నీటి చెమ్మ తగలని బోర్ల కోసం తమిళనాడు తిరుచెంగోడు నుంచి వచ్చే రిగ్గు బండ్లు. బంగారం తవ్విన కె.జి.ఎఫ్.లోనే బి.ఇ.ఎం.ఎల్. కర్మాగారంలో బుల్డోజర్లు తయారవుతాయి. వీటన్నిటి కడుపులో ఉన్నది ఒకే రకం రక్తనాళం, దాని మీద ఒకే రకం జల్లెడ.

ఆ జల్లెడ ఎందుకు అంత సన్నంగా ఉండాలో చెబుతాను. రుడాల్ఫ్ డీజిల్ అనే జర్మన్ ఇంజనీరు 1897లో ఆగ్స్‌బర్గ్‌లో నడిపి చూపించిన ఇంజనులో నిప్పురవ్వ ఉండదు. గాలిని బలంగా నొక్కి వేడెక్కించి, ఆ వేడిలోకి నూనెను సన్నని మంచులా చిమ్మడమే కిటుకు. ఆ చిమ్మే పని చేసేది ఇంజెక్షన్ పంపు. బెంగళూరులో 1951లో మొదలైన మైకో కంపెనీ ఆ పంపుల్ని మన దేశంలో ఇంటింటా తెలిసేలా చేసింది. 2008లో ఆ కంపెనీ పేరు బాష్‌గా మారినా, మా షెడ్లలో ఇప్పటికీ అది మైకో పంపే. ఆ పంపులో ప్లంజరుకూ దాని గొట్టానికీ మధ్య సందు రెండు మూడు మైక్రాన్లు. మన తల వెంట్రుక మందం 70 మైక్రాన్ల దాకా ఉంటుందంటే లెక్క వేసుకోండి. ఆ సందులో రబ్బరు వాషరు లేదు, సీలు లేదు. ఉక్కుకు ఉక్కు, మధ్యన డీజిల్ పొర. కంటికి కనిపించని ఇసక రేణువు ఒకటి అక్కడికి చేరితే గీత పడుతుంది. ఆ గీత మళ్ళీ పూడదు. అందుకే ఫిల్టరు కాగితం ఖరీదు చూసి వెనకాడేవాళ్ళకు పంపు ఖరీదు చెబుతుంటాను.

మన ట్రాక్టర్లలో చాలావాటికి రెండు ఫిల్టర్లు వరసగా ఉంటాయి. మొదటిది ముతక మురికిని పడుతుంది, రెండోది సన్నది. అంగట్లో అర లీటరు ఫిల్టరు సెట్టు అని అడిగితే ఇచ్చేవి చాలా బండ్లకు సరిపోతాయి. రెండూ ఒకేసారి మార్చవద్దని పాత మెకానిక్కులు చెబుతారు, దానికి అర్థం ఉంది. విప్పి బిగించేటప్పుడు ఎంత జాగ్రత్తపడినా కాస్త దుమ్ము లోపల పడుతుంది. మొదటిది మార్చినప్పుడు పడిన దుమ్మును రెండోది పట్టుకుంటుంది. రెండూ ఒకే పూట విప్పితే ఆ దుమ్ము నేరుగా పంపుకే.

ఇక బండి దారిలో ఆగింది అనుకుందాం. ఎక్కడ మొదలుపెట్టాలి? ఫిల్టరు దగ్గర కాదు. ట్యాంకు మూత దగ్గర.

మూతకు ఒక సూది బెజ్జం ఉంటుంది, గాలి లోపలికి పోవడానికి. డీజిల్ తగ్గినకొద్దీ ఆ జాగాలోకి గాలి రావాలి. మట్టి, గ్రీజు కలిసి ఆ బెజ్జం మూసుకుంటే ట్యాంకులో పీలుడు ఏర్పడి డీజిల్ కదలదు. బండి అరగంట బాగా నడిచి ఆగుతుంది. కాసేపు వదిలేస్తే మళ్ళీ స్టార్టవుతుంది. మళ్ళీ అరగంటకు అదే కథ. దయ్యం పట్టిందని నిమ్మకాయలు కట్టించినవాళ్ళున్నారు. బండి ఆగిన వెంటనే మూత తిప్పండి, బుస్సుమని గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు వస్తే దయ్యం దొరికినట్టే. పిన్నీసుతో ఆ బెజ్జం తీస్తే సరి. చెవిని నమ్మమన్నది ఇందుకే.

మూత బాగుంటే తరవాత ట్యాంకు కొళాయి. పూర్తిగా తిరిగిందా? ఎవరైనా కుర్రవాడు సగం మూశాడా? నవ్వకండి, జరుగుతుంటుంది. ఆ తరవాత ఫిల్టరు కింద గాజు గిన్నె ఉంటే అందులోకి చూడండి. అడుగున ముత్యాల్లా దొర్లేవి నీళ్ళు. గోధుమరంగు పొడి తుప్పు. నల్లగా, జిగటగా, వేలికి అంటుకునేది బూజు. నీళ్ళయితే ట్యాంకులో చేరాయి, తుప్పయితే ట్యాంకు లోపలి రేకు పోతోంది, బూజయితే ఆ డీజిల్ చాలాకాలంగా కదలకుండా నిలవ ఉంది. మూడింటికీ మందు ఫిల్టరు మార్చడం కాదు.

ఇక్కడ నా మాట కొంచెం గట్టిగానే చెప్పాలి. మూసుకుపోయిన ఫిల్టరు తన పని తాను చేసింది. దాన్ని తిట్టి, విసిరేసి, కొత్తది బిగించి పోయేవాడు వారం తిరక్కుండా మళ్ళీ వస్తాడు. పాత ఫిల్టరును పారేయకముందు దాన్ని కోసి, కాగితం మడతలు విప్పి, ఎండలో చూడండి. అందులో ఏముందో అదే ట్యాంకులో ఉంది.

ఆ నీళ్ళు ఎక్కడినుంచి వచ్చాయి? కొన్ని బంకు నుంచి, కొన్ని మన డబ్బాల నుంచి, కొన్ని ఆకాశం నుంచి. కోలారు రాత్రిళ్ళు చల్లన. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో పగటి వేడి గాలి రాత్రి చల్లబడి రేకు గోడలకు చెమ్మగా పడుతుంది. నీరు డీజిల్ కన్నా బరువు, అడుక్కు దిగుతుంది. రోజూ నాలుగు చుక్కలే, కానీ రోజూ. సాయంత్రం పని ముగించి ట్యాంకు నింపి నిలిపితే ఆ గాలికి జాగా ఉండదు. తెల్లవారి పొలానికి పోయేముందు నింపుదాంలే అనే మన అలవాటు దీనికి సరిగ్గా తిరగేసి ఉంటుంది. చేతిలో డబ్బు తెల్లవారితే గానీ రాదు మరి, ఆ బాధా తెలుసు నాకు.

నీళ్ళు అడుగున నిలిచాక వాటికీ డీజిల్‌కూ మధ్య గీత మీద సూక్ష్మజీవులు పుడతాయి. అవి తినేది డీజిల్‌ను, బతికేది నీళ్ళలో. శవంలా కదలని ట్యాంకులో బాగా పెరుగుతాయి. రోజూ తిరిగే లారీకి ఈ రోగం తక్కువ. కల్యాణమండపం జనరేటరుకు ఎక్కువ. ఆషాఢం, మూఢం అంటూ నెలల తరబడి నిలిచి, ముహూర్తాల రోజున కరెంటు పోగానే స్టార్ట్ చేస్తే, సరిగ్గా తాళి కట్టే వేళకు నాలుగు నిమిషాలు తిరిగి ఆగిపోతుంది. వంటవాళ్ళ గ్రైండర్లు నిలిచిపోతాయి, పెళ్ళికొడుకు మేనమామ అరుపులు మొదలవుతాయి. నాలుగు నిమిషాలు అన్నది ఊరికే అనలేదు. ఫిల్టరు గిన్నెల్లో, పైపుల్లో మిగిలిన మంచి డీజిల్ అయిపోవడానికి పట్టే సమయం అది. స్టార్టయి కాసేపు తిరిగి ఆగిందంటే, వెనకనుంచి కొత్త డీజిల్ రావడం లేదనే అర్థం.

తెరచాప పడవల్లో ఉండే డీజిల్ ఇంజన్లకు కూడా సరిగ్గా ఇదే జబ్బు అని తెలిసినప్పుడు నాకు వింతగా అనిపించింది. సముద్రం చూడాలంటే మనం చెన్నైకో నెల్లూరుకో పోవాలి. కానీ ఆలోచిస్తే అది మండపం జనరేటరే. గాలి ఉన్నంతసేపు చాప లాగుతుంది, ఇంజను నిద్రపోతుంది. రేవులోకి దూరేటప్పుడు, గాలి పడిపోయినప్పుడు మాత్రమే దాన్ని లేపుతారు. అన్నాళ్ళూ ట్యాంకులో డీజిల్ నిలవ, చుట్టూ ఉప్పు చెమ్మ. రేవు మొగలో అలలు ఎగిరేసరికి ట్యాంకు అడుగున ఏళ్ళ తరబడి నిద్రపోయిన మురికి అంతా లేస్తుంది, ఒక్కసారిగా ఫిల్టరును కప్పేస్తుంది. ప్రశాంతంగా ఉన్న నీళ్ళలో ఎన్నడూ ఆగని ఇంజను, బండలు దగ్గరగా ఉన్నచోటే ఆగడానికి కారణం దురదృష్టం కాదు, కుదుపు. విశాఖపట్నం, కాకినాడ, నిజాంపట్నం రేవుల నుంచి వేటకు పోయే మరపడవలకూ ఇదే భయం. శ్రీకాకుళం మత్స్యకారులు ఎందరో గుజరాత్ వెరావల్ దాకా పోయి అక్కడి బోట్లలో పనిచేస్తారు. ఆ నీళ్ళలో ఇంజను ఆగితే బోటు తన ఇష్టం వచ్చిన దిక్కుకు కొట్టుకుపోతుంది, పక్కకు తీసి నిలబెట్టుకోవడానికి చింతచెట్టు నీడ ఉండదు.

అందుకే మంచి పడవల్లో రెండు ఫిల్టర్లు పక్కపక్కన పెట్టి, మధ్యన ఒక కొళాయి బిగిస్తారు. ఒకటి మూసుకుంటే కొళాయి రెండోవైపు తిప్పి, ఇంజను ఆపకుండానే మొదటిదాన్ని విప్పి మార్చుకుంటారు. మన ట్రాక్టరు ఫిల్టర్లు రెండూ వరసలో ఉన్నాయి, పక్కపక్కన కాదు, ఆ తేడా గమనించండి. ఇంకా ఒక ముల్లు మీటరు కూడా పెడతారు. ఫిల్టరు మూసుకునేకొద్దీ పంపు ఎంత బలంగా పీలుస్తోందో ఆ ముల్లు చెబుతుంది. మన బోరు రిగ్గు వాళ్ళు ఈ ఏర్పాటు ఎందుకు చేసుకోరో నాకు అర్థం కాదు. వెయ్యి అడుగుల లోతున హ్యామరు తిరుగుతుండగా కంప్రెసరు ఇంజను ఆగితే, పైకి ఊదుతున్న రాతిపొడి అంతా కిందికి దిగి రాడ్లను బిగించేస్తుంది. రాత్రి రెండు గంటలకు ఆ పరిస్థితిలో రిగ్గు మేనేజరు ముఖం చూడాలి మీరు. పైగా వాళ్ళు డీజిల్ పోసుకునేది ఆ రాతిపొడి మేఘంలోనే.

సరే, మన బండి దగ్గరికి వద్దాం. మూత, కొళాయి, గిన్నె చూశారు. ఇంకా తేలలేదు. ఇప్పుడు ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడు పంపు మీద చేత్తో కొట్టే మీట ఉంటుంది కదా, దాన్ని కొట్టి చూడండి. మీట లాగితే బరువుగా ఉండి, వదిలితే రబ్బరులా వెనక్కి పోతోందంటే ట్యాంకు వైపు దారి మూసుకుంది. ఏ బరువూ లేకుండా ఖాళీగా ఆడుతోందంటే డీజిల్ రావడం లేదు, గాలి వస్తోంది, లేదా ఆ పంపులో వాల్వు పోయింది. చెయ్యి చెప్పే సంగతి ఇది, మీటర్లు అక్కరలేదు.

అనుమానం తీరకపోతే ఒక పరీక్ష ఉంది, అన్నిటికన్నా నాకు నచ్చింది. శుభ్రమైన క్యానులో రెండు లీటర్ల మంచి డీజిల్ తీసుకోండి. ట్యాంకు నుంచి వచ్చే పైపు విప్పి, దాని బదులు ఒక కొత్త ప్లాస్టిక్ పైపు ఫీడు పంపుకు తగిలించి, రెండో కొస క్యానులో ముంచండి. గాలి తీసి ఇంజను నడపండి. బాగా తిరిగిందా? జబ్బు ట్యాంకూ పైపుల వైపు ఉంది. ఇంకా ఊగుతూనే ఉందా? జబ్బు ఫిల్టర్ల వైపో పంపు వైపో ఉంది. పది నిమిషాల్లో బండి రెండు భాగాలైపోయింది, ఒక భాగాన్ని వదిలేయొచ్చు. ఆ పైపు పారదర్శకంగా ఉంటే ఇంకా మంచిది, బుడగలు పోతున్నాయా కనిపిస్తుంది.

గాలి గురించి ఒక మాయ ఉంది, వినండి. ట్యాంకుకూ ఫీడు పంపుకూ మధ్య పైపులో సన్నని పగులు ఉంటే డీజిల్ బయటికి కారదు. గాలి లోపలికి పోతుంది. ఎందుకంటే అక్కడ పంపు పీలుస్తోంది. పైపు తుడిచినట్టు పొడిగా ఉంటుంది, "ఎక్కడా లీకు లేదు సామీ" అంటారు. ఫీడు పంపు దాటాక మాత్రం తోపుడు ఉంటుంది, అక్కడ లీకయితే తడి కనిపిస్తుంది. కాబట్టి గాలి దొంగను పొడిగా ఉన్నచోటే వెతకాలి. పాత రబ్బరు పైపులు, రాగి వాషర్లు, గిన్నె పైన ఉండే రబ్బరు రింగు. ఫిల్టరు మార్చిన మర్నాడే గాలి పట్టడం మొదలైందంటే ఆ రింగు పాతదే తిరిగి వేశారు, లేదా రెండు రింగులు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. పాత వాషరునే మళ్ళీ వాడి, స్పానరుకు పైపు తగిలించి బలవంతంగా బిగించడం మనవాళ్ళకు ఒక సరదా. దాంతో మర చెడుతుంది, లీకు అట్లాగే ఉంటుంది.

గాలి ఎందుకంత పాపం చేస్తుంది? డీజిల్‌ను నొక్కితే అది దాదాపు నలగదు, ఆ బలమంతా నాజిల్‌ను తెరుస్తుంది. గాలిని నొక్కితే నలిగి కూర్చుంటుంది. బియ్యపు గింజంత బుడగ ప్లంజరు కింద చేరినా నాజిల్ తెరుచుకోదు. గాలి తీయడం కష్టమేమీ కాదు. మొదటి ఫిల్టరు మీద స్క్రూ వదులు చేసి, మీట కొడుతూ ఉంటే నురగ వస్తుంది, తరవాత బుడగ లేని డీజిల్ వస్తుంది. అప్పుడు బిగించండి. అదే రెండో ఫిల్టరు మీద, చివరికి పంపు మీద. ఈ వరస తప్పకూడదు. పాత రకం ఇంజన్లలో ఇంకా స్టార్ట్ కాకపోతే నాజిళ్ళ దగ్గరి నట్లు అర మర వదులు చేసి సెల్ఫ్ కొట్టవచ్చు.

కానీ ఇక్కడ గట్టి హెచ్చరిక. ఈ నట్లు విప్పే పని కామన్ రైలు ఇంజన్లలో చేయకండి. 2020 ఏప్రిల్ నుంచి అమ్మిన బి.ఎస్.6 వాహనాలు, 2023 జనవరి తరవాత ట్రెమ్ 4 కాలుష్య నియమాలతో వచ్చిన 50 హార్స్‌పవర్ దాటిన ట్రాక్టర్లు చాలావరకు ఆ రకమే. పాత నాజిల్ తెరుచుకునేది రెండొందల బార్ల దగ్గర. కామన్ రైలులో పదహారు వందలు, రెండు వేల బార్ల దాకా ఉంటుంది. ఆ ధార చర్మంలోంచి దూసుకుపోతుంది. సూది గుచ్చినంత రంధ్రమే కనిపిస్తుంది, రక్తం కూడా రాకపోవచ్చు, లోపల మాంసం చచ్చిపోతుంది. పాత ఇంజను దగ్గరైనా నాజిల్ ఎదురుగా చెయ్యి పెట్టకూడదు. లీకు వెతకాలంటే అట్టముక్క వాడండి. పొరపాటున గుచ్చుకుంటే నొప్పి లేదని పొలానికి పోవద్దు, డీజిల్ లోపలికి పోయిందని డాక్టరుకు చెప్పి ఆ గంటలోనే ఆసుపత్రికి పొండి.

ఫిల్టరు కాగితాన్ని పెట్రోలులో కడిగి మళ్ళీ వేయడం ఇంకా జరుగుతూనే ఉంది. వద్దు. కడిగితే కాగితం పోగులు తెగి రంధ్రాలు పెద్దవవుతాయి, పైకి శుభ్రంగా కనిపిస్తుంది, మురికిని వదిలేస్తుంది. అంతకన్నా మూసుకుపోయిన ఫిల్టరే నయం, అది కనీసం బండిని ఆపుతుంది. డీజిల్ పోసేటప్పుడు గరాటులో పాత పంచె గుడ్డ అడ్డం పెట్టడం మంచిదే గానీ, నలిగిన గుడ్డ నుంచి ఊడిన దారపు పోగులు ట్యాంకులోకే పోతాయి. సన్నని ఇత్తడి జాలి మేలు. డీజిల్ క్యానును ఒక రాత్రి కదలకుండా పెట్టి, పైది మాత్రం వంచుకుని, అడుగున నాలుగు వేళ్ళ మందం వదిలేస్తే జాలి కూడా అక్కరలేదు.

ట్యాంకులో పోసే దాని మాట వచ్చింది కాబట్టి, డీజిల్ బదులు గింజల నూనె పోసి మన జిల్లాలోనే చేసిన ఒక ప్రయత్నం గుర్తు చేయాలి. 1900లో పారిస్ ప్రదర్శనలో ఒక డీజిల్ ఇంజనును వేరుశనగ నూనెతో నడిపి చూపించారు. వందేళ్ళ తరవాత బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు చెందిన ఉడుపి శ్రీనివాస, 'సూత్ర' అనే పథకం కింద కోలారు జిల్లా కగ్గనహళ్ళిలో కానుగ నూనెతో డీజిల్ జనరేటర్లు నడిపించి, బోర్ల నుంచి పొలాలకు నీళ్ళు తోడించారు. చెరువు గట్టున నీడకు తప్ప ఎందుకూ కొరగాదనుకున్న కానుగ గింజ ఇంజనుకు తిండి అయింది. ఆ పని మీద నాకు చాలా గౌరవం. కానీ అటువంటి ప్రయోగాన్ని ఇంట్లో చేయబోయేవాళ్ళకు ఫిల్టరు తరఫున ఒక మాట. పచ్చి నూనె డీజిల్ కన్నా ఎంతో చిక్కన, అందులో జిగురు ఉంటుంది, చలికి ఇంకా గట్టిపడుతుంది. వడకట్టకుండా, నిలవబెట్టకుండా పోస్తే మొదట ఫిల్టరు మూసుకుంటుంది. శుద్ధి చేసిన బయోడీజిల్ అయితే ఇంకో చిత్రం చేస్తుంది, ట్యాంకు గోడలకు ఏళ్ళుగా పట్టిన మురికిని కడిగి ఫిల్టరులో పడేస్తుంది. మొదటి ట్యాంకుకే ఫిల్టరు పోయిందంటే బయోడీజిల్ చెడ్డదని కాదు, మీ ట్యాంకు అంత మురికిగా ఉంది.

మరి ట్యాంకు కడగడం ఎప్పుడు? రెండోసారి ఫిల్టరు త్వరగా పోయినప్పుడు, తప్పకుండా. అడుగు బోల్టు విప్పి, మొదటి లీటరు గాజు సీసాలో పట్టి, ఒక పూట ఊరికే ఉంచండి. నీళ్ళు అడుక్కు, బూజు మధ్యన, డీజిల్ పైన, మూడు రంగులూ విడివిడిగా కనిపిస్తాయి. ట్యాంకు దించి డీజిల్‌తోనే కడగండి, నీళ్ళతో వద్దు. దానికి వెల్డింగు చేయించాలనుకుంటే తెలిసినవాడి చేతే చేయించండి, ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరి పేలుతుంది. పైపులో గాలి ఊదేటప్పుడు ట్యాంకు వైపుకు ఊదండి, పంపు వైపుకు వద్దు.

ఇదంతా చేశాక కూడా ఇంజను ఊగుతుంటే, ఫిల్టరు పని అయిపోయింది, పంపు పని మొదలైంది. పంపు మీద తీగతో కట్టి ముద్ర వేసిన స్క్రూ ఒకటి ఉంటుంది. దాన్ని తిప్పితే ఇంజను బలం పుంజుకుంటుందని చెప్పేవాళ్ళు ప్రతి ఊళ్ళో ఉంటారు. పుంజుకుంటుంది, రెండు రోజులు. తరవాత నల్ల పొగ, దాని వెనక పిస్టన్లు. ఆ ముద్ర జోలికి పోకుండా పంపును దించి, టెస్ట్ బెంచి ఉన్న షాపుకు తీసుకుపొండి. దించేముందు పైపుల కొసలకు, పంపు బెజ్జాలకు ప్లాస్టిక్ మూతలు పెట్టడం మరవద్దు. బస్సులో ఒళ్ళో పెట్టుకుపోయినా సరే, దుమ్ము పోకుండా కవరులో చుట్టండి. షాపువాడు మొదట అడిగేది మళ్ళీ అదే, ఇంజను ఎట్లా ఆగింది, ఎన్ని నిమిషాలకు ఆగింది, ఏ లోడు మీద ఆగింది అని. రాసుకుని పొండి.